పాట పాడి పైకం కట్టని వారి విషయమై డొమైన్ వేలాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

నల్లగొండ

ఆన్‌లైన్‌లో డొమైన్ పేర్ల వేలాలు నిర్వహిస్తున్న సంస్థల యాజమాన్యాలకు,

విషయం: వేలంలో గెలిచి సొమ్ము చెల్లించని పాటదారుల వల్ల చిన్న అమ్మకందారులకు కలుగుతున్న నష్టం, అందుకు మీ నిబంధనల్లో చేయవలసిన మార్పులు.

ఆర్యా,

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వెబ్‌సైట్లు తయారుచేస్తూ, ఆ పనికి తోడుగా డొమైన్ పేర్లు, అంటే వెబ్‌సైట్ల చిరునామాలు, కొని అమ్ముకునే వాళ్లం కొందరం ఉన్నాము. గద్వాల, నారాయణపేట చీరల దుకాణాలకూ, మిర్యాలగూడ బియ్యం మిల్లులకూ, దేవరకొండ వైపు బత్తాయి తోటల వారికీ పని చేసిపెట్టే క్రమంలో మంచి పేరు ఏదైనా కనిపిస్తే, ఏడాదికి వెయ్యి రూపాయల లోపు రుసుముతో నమోదు చేసుకుని, కొంతకాలం ఉంచి, మీ వేదికల మీద వేలానికి పెడతాము. ఇతరుల వ్యాపార చిహ్నాలను ముందుగా పట్టుకుని బేరమాడే అలవాటు మాకు లేదు. అటువంటి తగాదాలు తేల్చడానికి డాట్ కామ్ వంటి పేర్లకు 1999 నుంచి యూడీఆర్‌పీ, డాట్ ఇన్ పేర్లకు ఐఎన్‌డీఆర్‌పీ అనే వివాద పరిష్కార విధానాలు ఉన్నాయి కనుక ఆ చర్చ ఇక్కడికి తేవడం లేదు. పాటలో గెలిచి పైకం కట్టకుండా పోయేవారి గురించి, అంతకంటే ముఖ్యంగా అలా పోవడానికి దారి తెరిచి ఉంచిన మీ నిబంధనల గురించి మాత్రమే రాస్తున్నాను.

ఇప్పుడు జరుగుతున్నది ఇది. ఒక ఈమెయిలు, ఒక ఫోను నంబరు ఉంటే చాలు, ఎవరైనా మీ వేదికలో ఖాతా తెరిచి ఎంత మొత్తానికైనా పాడవచ్చు. తాను ఇవ్వదలచిన గరిష్ఠ మొత్తాన్ని ముందే చెప్పి పెడితే, ఎదుటివారు పాడినప్పుడల్లా యంత్రమే అతని తరఫున పెంచుకుంటూ పోతుంది. గడువు ముగిసే నిమిషాల్లో ఎవరు పాడినా గడువు మరికొంత జరుగుతుంది. చివరకు ఒకరు గెలిచినట్టు మీరు ప్రకటించి, ఇన్ని రోజుల్లో చెల్లించమని బిల్లు పంపుతారు. చెల్లించకపోతే ఒకటి రెండు సార్లు గుర్తుచేస్తారు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఆ ఖాతాను నిలిపివేసి, ‘మీ పేరును మళ్లీ వేలానికి పెట్టుకోవచ్చు’ అని అమ్మకందారుకు రెండు వాక్యాల సందేశం పంపి చేతులు దులుపుకుంటారు. ఎగవేసిన మనిషి ఆ సాయంత్రమే ఇంకో ఈమెయిలుతో ఇంకో ఖాతా తెరుస్తాడు. అతనికి పోయింది ఏమీ లేదు.

పోయినదంతా అమ్మకందారుకే. ఒక సంచి బియ్యం అమ్ముడుపోకపోతే మరునాడు అదే ధరకు ఇంకొకరికి వేయవచ్చు. డొమైన్ పేరుకు ఆ వెసులుబాటు లేదు. అది ఒక్కటే ప్రతి, దాని మీద గడువు ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. పాట ముగిసిన దగ్గరి నుంచి మీరు తేల్చేవరకు ఆ పేరు మీ దగ్గర తాళం వేసి ఉంటుంది, మేము బయట ఎవరికీ అమ్మడానికి వీల్లేదు. ఆ మధ్యలో నమోదు గడువు వస్తే, అమ్ముడుపోయిందో లేదో తెలియని పేరుకు మేమే మళ్లీ రుసుము కట్టాలి. కట్టకుండా వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. డాట్ కామ్ వంటి పేరు గడువు దాటాక రిజిస్ట్రారు (పేర్లు నమోదు చేసే సంస్థ) దయమీద గరిష్ఠంగా 45 రోజుల వరకు ఉంటుంది, రద్దయ్యాక 30 రోజుల పాటు అధిక రుసుముతో విడిపించుకునే అవకాశం ఉంటుంది, ఆ తరువాత 5 రోజుల్లో పూర్తిగా మన చేయి దాటిపోతుంది. మీలో కొందరు వేలానికి ముందే పేరును తమ రిజిస్ట్రారు దగ్గరికి మార్చమని షరతు పెడతారు. అలా మార్చిన పేరు సాధారణంగా 60 రోజుల వరకు మరో రిజిస్ట్రారు దగ్గరికి కదలదు కనుక, పాట చెడిపోయినా మేము ఇంకో వేదికకు వెళ్లే దారి ఉండదు.

వీటికి మించిన నష్టం ఇంకొకటి ఉంది, దానిని ఏ బిల్లులోనూ చూపలేము. ఒకసారి పాట ముగిసి, అమ్మకం జరగక, అదే పేరు మళ్లీ వేలంలో కనిపిస్తే చూసేవారికి మొదట అనుమానం కలిగేది అమ్మకందారు మీదే. తానే దొంగ పాట పాడించుకుని, ధర పెంచబోయి, చిక్కుకుపోయాడని అనుకుంటారు. మొదటిసారి పోటీపడ్డవారు రెండోసారి రారు. వచ్చినా పాత ధర గుర్తుంచుకుని, అందులో సగం దగ్గర ఆగుతారు.

గత ఏడాది బియ్యం వ్యాపారానికి చక్కగా అతికే పేరొకటి నేను ఒక వేదికలో వేలానికి పెట్టాను. దాని పేరు ఇక్కడ రాయను. పాట లక్షా నలభై వేల దాకా వెళ్లింది. గెలిచినవారు చెల్లించలేదు. రెండో స్థానంలో ఉన్నది మిర్యాలగూడ మిల్లు కుటుంబంలోని యువకుడని తరువాత తెలిసింది. అతనికి నిజంగానే ఆ పేరు కావాలి. కానీ వేదికవారు గెలిచిన వారికి గడువు మీద గడువు ఇచ్చి, ఆఖరుకు రెండో పాటదారుకు కబురు పెట్టేసరికి, అతను దాదాపు అదే అర్థం వచ్చే ఇంకో పేరు నమోదు చేయించుకుని, బస్తాల మీద అచ్చు కూడా వేయించుకున్నాడు. నేను ఫిర్యాదు రాస్తే ‘సదరు వినియోగదారు ఖాతా నిలిపివేయబడినది’ అన్న జవాబు వచ్చింది. ఆ ఖాతా నిలిచిపోవడం వల్ల ఆ మనిషికి గానీ నాకు గానీ ఏమి తేడా వచ్చిందో ఇప్పటికీ బోధపడలేదు.

నేను చెప్పదలచినది సూటిగా చెబుతాను. ఎగవేతను మీరు కొనుగోలుదారుకూ అమ్మకందారుకూ మధ్య తగాదాగా చూస్తున్నారు. పాడటానికి ఏమీ ఖర్చు కానప్పుడు, పాట అన్నది ఒట్టి నోటిమాట. తరువాత మనసు మారితే వదిలేయడానికీ, ఎవరైనా అంతకంటే ఎక్కువకు కొంటారేమో వెతికి దొరకకపోతే తప్పుకోవడానికీ, ఊరికే సరదాకీ కూడా పాడవచ్చు. ధరావతు, అంటే ముందుగా కట్టే హామీ సొమ్ము, లేని వేలంలో ఇది జరిగి తీరుతుంది. దానిని ఆపడం మీ చేతిలో ఉన్న పని.

ఈ సంగతి మన ఊళ్లలో వినాయక చవితి ఉత్సవ సమితులకు ఎప్పుడో అర్థమైంది. లడ్డూ పాడినవారు మరుసటి చవితి లోపు కట్టే ఆనవాయితీ చాలా ఊళ్లలో ఉంది. ముఖం ముఖం తెలిసిన చోట, ఎగ్గొడితే ఊళ్లో తలెత్తుకోలేని చోట అది చెల్లుతుంది. 1994లో 450 రూపాయలతో మొదలైన బాలాపూర్ లడ్డూ పాట 2023లో 27 లక్షలకు చేరిన తరువాత, పాల్గొనేవారు ముందటి ఏడాది ధరను ముందుగా జమ చేయాలని 2024లో అక్కడి సమితి నిబంధన పెట్టింది. ఆ ఏడు పాట తగ్గలేదు సరికదా 30 లక్షలు దాటింది. ధరావతు అడిగితే పాటదారులు పారిపోతారని మీ ప్రతినిధి ఒకరు నాతో అన్నారు కనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది. పారిపోయేవారు పారిపోవడమే అమ్మకందారుకు కావలసినది.

నామమాత్రపు ధరావతు పనికిరాదని కూడా ఈ మధ్యనే చూశాము. 2025 నవంబరులో హర్యానాలో ఒక వాహనం నంబరు ఆన్‌లైన్ వేలంలో కోటీ 17 లక్షలకు పోయిందని దేశమంతా చెప్పుకున్నారు. గెలిచిన మనిషి గడువు లోపు కట్టలేదు. అతను పోగొట్టుకున్నది ముందుగా కట్టిన కొద్ది వేల రూపాయలే. పాట మొత్తంతో పాటు ధరావతు పెరగకపోతే, ఎంత పెద్ద పాట పాడితే అంత చవకగా తప్పుకోవచ్చు.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందం ఆ ఒక్క కారణంగా చెల్లకుండా పోదని సమాచార సాంకేతికత చట్టం 10ఎ సెక్షన్ చెబుతుంది. డొమైన్ పేరుకు వ్యాపార చిహ్నం వంటి రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లోనే సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. కాబట్టి గెలిచిన పాట ఒప్పందమే, అమ్మిన వస్తువుకు విలువ ఉన్నదే. అయితే నల్లగొండలో ఉన్న నేను ఇంకో రాష్ట్రంలో ఉన్న, అసలు పేరో కాదో తెలియని ఒక మనిషి మీద నలభై వేల రూపాయల కోసం సివిలు దావా వేయడం జరిగే పని కాదు. మీ నియమావళి చివర వివాదాలన్నీ మీ ప్రధాన కార్యాలయం ఉన్న నగరంలోనే తేల్చుకోవాలని ఒక వాక్యం కూడా ఉంటుంది. హక్కు ఉండి అమలు లేని ఈ స్థితిలో, డబ్బు చేతులు మారే చోట కూర్చున్న మీరే అమలు చేయగలరు.

న్యాయస్థానాలు తమ వేలాలను ఎలా నడుపుతాయో చూడండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరులోని 84వ రూలు ప్రకారం స్థిరాస్తి పాటలో గెలిచినవారు అక్కడికక్కడే 25 శాతం కట్టాలి. 85వ రూలు ప్రకారం మిగిలినది 15 రోజుల్లో కట్టాలి. కట్టకపోతే 86వ రూలు కింద ఆస్తి మళ్లీ వేలానికి వస్తుంది, ధరావతు పోగొట్టుకోవలసి రావచ్చు. మళ్లీ వేసిన వేలంలో ధర తగ్గితే, ఆ తరుగును ఎగవేసినవారి నుంచే రాబట్టవచ్చని 71వ రూలు చెబుతుంది. బాకీల కింద బ్యాంకులు వేసే వేలాల్లోనూ ఇదే 25 శాతం ఉంది. గడువులో మిగతా సొమ్ము కట్టని కొనుగోలుదారు ఆ మొత్తమంతా పోగొట్టుకోవడాన్ని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. అవి చట్టం కింద జరిగే వేలాలు, మీవి ఒప్పందం కింద జరిగేవి, ఆ తేడా నాకు తెలుసు. ప్రైవేటు ఒప్పందంలో ముందుగా రాసుకున్న మొత్తానికి మించకుండా, సమంజసమైన పరిహారమే రాబట్టవచ్చని కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ అంటుంది. అందుకే నేను 25 శాతం అడగడం లేదు. పది శాతం చాలు, కాకపోతే అది పాట మొత్తాన్ని బట్టి పెరుగుతూ ఉండాలి, యంత్రానికి చెప్పిన గరిష్ఠ మొత్తం మీద లెక్కించాలి.

నిజాయితీగా పాడేవారికి ఇది భారమవుతుందన్న అభ్యంతరానికి జవాబు మన ఫోన్లలోనే ఉంది. షేర్ల పబ్లిక్ ఇష్యూకు దరఖాస్తు చేసినప్పుడు సొమ్ము మన ఖాతాలోనే ఉండి, యూపీఐ మాండేటు (ముందస్తు అనుమతి) ద్వారా నిలిచిపోతుంది. షేర్లు రాకపోతే దానంతట అదే విడుదలవుతుంది. మహబూబ్‌నగర్‌లో కిరాణా దుకాణం నడిపే వారికి కూడా ఈ పద్ధతి అలవాటైంది. డొమైన్ పాటకూ ఇదే వాడవచ్చు. ఎవరైనా మించి పాడితే క్షణంలో విడుదల, గెలిచి కడితే బిల్లులో జమ, ఎగవేస్తే కోత. అయిదు వేల లోపు పాటలకు ఇదంతా అక్కర లేదు, ఒక రూపాయి చెల్లింపుతో ఖాతా నిజమైనదని తేల్చుకుంటే సరిపోతుంది. చాలాసార్లు కొని, ప్రతిసారీ సకాలంలో కట్టిన పాత ఖాతాదారుకు శాతం తగ్గించినా మాకు అభ్యంతరం లేదు.

కోసిన ధరావతు ఎవరికి చెందాలి? చెల్లింపు ఖర్చులు పోను అమ్మకందారుకు చెందాలి. కోర్టు వేలంలో అది ప్రభుత్వానికి పోతుంది గానీ, ఇక్కడ పేరు నిలిచిపోయి నష్టపోయింది అమ్మకందారే. అమ్మకం జరిగితేనే కమిషన్ తీసుకునే మీరు ఎగవేత మీద ఆదాయం పొందకూడదు. పొందిన నాడు ఎగవేతలు తగ్గాలన్న కోరిక మీకు ఎందుకుంటుంది?

ఇక రెండో పాటదారు సంగతికి వస్తాను. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే, మీ నిబంధనల్లో అందరికంటే ఎక్కువ అన్యాయం జరుగుతున్నదీ ఇతనికే. ఒక ఉదాహరణ తీసుకుందాము. ఒక పేరుకు ముగ్గురు పాడారు, పాట వెయ్యి చొప్పున పెరుగుతుంది. మూడో మనిషి 21,000 దగ్గర ఆగాడు. రెండో మనిషి చెప్పుకున్న గరిష్ఠ మొత్తం 58,000. మొదటివాడు ఆ పైన పాడి 59,000కు గెలిచాడు, తరువాత కట్టలేదు. ఇప్పుడు మీరు రెండో మనిషికి ‘ఈ పేరు మీ చివరి పాటైన 58,000కు మీకు దక్కుతుంది’ అని రాస్తారు. కానీ ఆ మొదటివాడు అసలు లేకపోయి ఉంటే అతను 22,000కే గెలిచి ఉండేవాడు. 22,000 నుంచి 58,000 వరకు అతను పోటీపడింది జేబులో పైసా లేని పాటతో. ఆ పోటీ ఖర్చును అతని నెత్తిన రుద్దడం ఏ లెక్కన న్యాయం?

నేను అమ్మకందారును. నా స్వలాభం మాత్రమే చూసుకుంటే 58,000 వస్తే సంతోషించాలి. అయినా ఎగవేసినవాడి పాటలన్నీ తుడిచివేసి, మిగిలినవారి పాటలతో ధరను మళ్లీ లెక్కకట్టి, ఆ ధరకే రెండో మనిషికి ఇవ్వాలని అడుగుతున్నాను. వేలానికి ముందు నేను పెట్టుకున్న కనీస ధర అంతకంటే ఎక్కువైతే ఆ కనీస ధర వర్తిస్తుంది. పైగా మొదటివాడి ధరావతు కనీసం 5,900 నాకు వస్తుంది. తక్కిన ముప్పై చిల్లర వేలు నాకు ఎన్నడూ రాని సొమ్ము, రానిదానిని నష్టంగా రాసుకోవడం సరైన లెక్క కాదు. మా వారిలోనే దీనిని ఒప్పుకోనివారు ఉన్నారు, ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

దొంగ పాటలను తీసివేసి ధరను వెనక్కి లెక్కకట్టడం కొత్త విషయమూ కాదు, అసాధ్యమూ కాదు. అమెరికాకు చెందిన స్నాప్‌నేమ్స్ అనే డొమైన్ వేలం సంస్థ, తన ఉద్యోగి ఒకరు వేరే పేరుతో 2005 నుంచి తమ వేలాల్లోనే రహస్యంగా పాడుతూ వచ్చారని 2009 నవంబరులో బయటపెట్టింది. ఆ పాటలు లేకపోతే కొనుగోలుదారులు ఎంత కట్టి ఉండేవారో లెక్కవేసి, తేడాను వడ్డీతో సహా వెనక్కి ఇస్తామని ప్రకటించింది. సంవత్సరాల వెనకటి పాటలకే ఆ లెక్క తీయగలిగినప్పుడు, నిన్న ముగిసిన పాటకు తీయలేరని ఎవరూ అనలేరు.

దీనిలో ఒక లొసుగు ఉందని నేనే చెబుతాను, లేకపోతే మీరు చెబుతారు. ఇద్దరు స్నేహితులు కలిసి వస్తారు. ఒకడు తొందరగానే 20,000 పాడి ఊరుకుంటాడు, రెండోవాడు ఒక్కసారిగా 2 లక్షలకు తీసుకువెళ్తాడు. అంత ధర చూసి మిగతావారు పాడకుండా వెళ్లిపోతారు. గడువు ముగిశాక 2 లక్షలవాడు ఎగవేస్తాడు, వెనక్కి లెక్కకడితే మొదటివాడికి కారుచవకగా పేరు దక్కుతుంది. ఈ మోసం వేలాల్లో తెలిసినదే. కానీ పది శాతం ధరావతు ఉంటే ఆ ఎత్తుకు 20,000 రూపాయలు ఖర్చవుతాయి, అవి అమ్మకందారుకు చేరుతాయి. దానితోపాటు, వెనక్కి కట్టిన ధర నచ్చకపోతే పేరును మళ్లీ వేలానికి పెట్టుకునే హక్కు అమ్మకందారుకు ఉండాలి. మళ్లీ పెట్టినప్పుడు మొదటి పాట చెడింది పాటదారు ఎగవేత వల్లనేనని ఆ పేరు పక్కన మీరు స్పష్టంగా రాయాలి, ఆ పేరును గమనిస్తూ వచ్చిన వారందరికీ కబురు పంపాలి. ధరావతు లేకుండా వెనక్కి లెక్కకట్టే నిబంధన ఒక్కటే తెస్తే మేలు కంటే కీడు ఎక్కువ జరుగుతుంది. ఈ రెండూ కలిపి తేవాలి.

కట్టనివారందరూ ఎగవేతదారులు కారన్న మాట కూడా మీరు వినాలి. కొందరు కట్టలేక ఆగిపోతారు, ఆ కారణాల్లో సగం మీరు తొలగించగలిగినవే. 2020 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మనం ప్రత్యేకంగా తెరిపించుకుంటే తప్ప విదేశీ చెల్లింపులకు పనిచేయవు. డాలర్లలో బిల్లు వేసే వేదికలో గెలిచిన సూర్యాపేట కుర్రవాడికి ఆ సంగతి చెల్లింపు విఫలమయ్యాక గానీ తెలియదు. యూపీఐలో ఒక లావాదేవీకి సాధారణంగా లక్ష రూపాయల పరిమితి ఉంటుంది, లక్షా ఎనభై వేల బిల్లును ఒక్కసారిగా కట్టమంటే అతను ఏమి చేయాలి? బ్యాంకు ద్వారా విదేశానికి పంపాలంటే ఎ2 ఫారం నింపాలి, ఏ ప్రయోజనానికి పంపుతున్నామో సూచించే కోడు రాయాలి, అది శుక్రవారం సాయంత్రం మొదలుపెడితే సోమవారం దాకా తెమలదు. ఇక 50,000 పాడిన మనిషికి 18 శాతం జీఎస్‌టీ కలిపి 59,000 బిల్లు వస్తే, అతను మోసపోయినట్టు భావించడంలో తప్పు లేదు. పాడే మీట నొక్కకముందే, పన్నుతో, రుసుములతో కలిపి చివరికి ఎంత కట్టాలో రూపాయల్లో చూపండి. ఏ దారిలో కట్టగలరో ముందే అడగండి. పెద్ద మొత్తాన్ని రెండు మూడు విడతలుగా తీసుకోండి. బ్యాంకు దగ్గర ఆగిపోయినట్టు ఆధారం చూపినవారికి ఒక్కసారి, ఒక్కసారి మాత్రమే, గడువు పెంచండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోనుతో పదహారేళ్ల పిల్లలు పాడిన సందర్భాలు కూడా ఉన్నాయి. మైనరు చేసుకున్న ఒప్పందం మన దేశంలో చెల్లదు కనుక, పాన్ వివరాలు అడగకుండా పెద్ద పాటలు అనుమతించడం మీకే ముప్పు.

గడువుల విషయంలో నా అభిప్రాయం కఠినంగా అనిపించవచ్చు. మూడు పని దినాలు చాలు. ఆ లోపు సొమ్ము గానీ బ్యాంకు ఆధారం గానీ రాకపోతే, నాలుగో రోజు రెండో పాటదారుకు కబురు వెళ్లాలి. అతనికి రెండు రోజులు ఇవ్వాలి. నిరాకరిస్తే అతని తప్పుగా ఎక్కడా నమోదు చేయకూడదు, ఎందుకంటే అతను ఓడిపోయిన మనిషి, అతని ధరావతును పట్టి ఉంచే అధికారం ఎవరికీ లేదు.

డబ్బు కట్టి, పేరు తన ఖాతాలోకి మారిన తరువాత కార్డు కంపెనీకి ఫిర్యాదు చేసి సొమ్ము వెనక్కి లాక్కునే రకం ఇంకొకటి ఉంది. దీనికి మందు మీ అందరికీ తెలిసిందే, పెద్ద మొత్తాలను కార్డు ద్వారా తీసుకోకపోవడమే. తెలిసీ కొందరు ఇంకా ఎందుకు తీసుకుంటున్నారో వారే చెప్పాలి.

ఎగవేసినవారి పేర్లు బహిరంగంగా వేయమని మావాళ్లు కొందరు కోరుతున్నారు. నేను దానికి ఒప్పుకోను. ఆసుపత్రి పాలై కట్టలేకపోయినవాడూ, కావాలని ఎగ్గొట్టినవాడూ ఆ జాబితాలో పక్కపక్కనే నిలబడతారు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తరువాత అటువంటి జాబితా వేసిన సంస్థే ఇబ్బందిలో పడవచ్చు. దానికి బదులు, పాడే ప్రతి ఖాతా పక్కన ఇంతవరకు ఎన్ని గెలిచారు, ఎన్నింటికి చెల్లించారు అన్న రెండు అంకెలు అమ్మకందారుకు కనిపించేలా పెట్టండి. పేరు అక్కరలేదు, ఊరు అక్కరలేదు. ఎగవేత చరిత్ర ఉన్న ఖాతాలను నా పాటల్లోకి రానివ్వకుండా అడ్డుకునే వీలు నాకు ఇవ్వండి. మీ వేదిక మొత్తం మీద గెలిచిన పాటల్లో ఎన్ని చెల్లింపు దాకా వచ్చాయో కూడా ఏటా ప్రకటించండి. ఏ వేదికకు పేరు ఇవ్వాలో తేల్చుకోవడానికి మాకు కమిషన్ శాతం కంటే ఆ అంకే ఎక్కువ పనికివస్తుంది.

కట్టుబాటు కొనుగోలుదారులకే ఉండాలని నేను అనడం లేదు. ధర తక్కువ పలికిందని, పాట ముగిశాక పేరును బదిలీ చేయకుండా సాకులు చెప్పే అమ్మకందారులు మాలోనూ ఉన్నారు. బావమరిది ఖాతాతో తమ పేరుకు తామే పాడించుకునేవారూ ఉన్నారు. ముందుగా ప్రకటించకుండా అమ్మకందారు తన వస్తువుకు తానే పాడినా, మరొకరితో పాడించినా కొనుగోలుదారు దానిని మోసంగా ఎంచవచ్చని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ చెబుతుంది. డొమైన్ పేరు ఆ చట్టం కింద వస్తువు అవునా కాదా అని న్యాయవాదులు వాదించుకోవచ్చు గానీ, ఆ నీతిలో వాదనకు తావు లేదు. అందుచేత అమ్మకందారు నుంచి కూడా అదే పది శాతం ధరావతు, కనీస ధర మీద లెక్కకట్టి, తీసుకోండి. పేరు బదిలీ చేయనివారి ధరావతు కొనుగోలుదారుకు ఇవ్వండి. మేము ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాము.

ఆఖరున ఫిర్యాదుల సంగతి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వినియోగదారుల ఫిర్యాదులకు ప్రతి వేదికా ఒక అధికారిని నియమించాలి, ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. వ్యాపారం కోసం అమ్మేవాళ్లం కనుక మేము వినియోగదారుల కిందకు రామని మీరు అనవచ్చు. చట్టం బలవంతం చేయకపోయినా అదే అధికారి, అదే గడువులతో, అమ్మకందారుల ఫిర్యాదులు కూడా చూడాలని కోరుతున్నాము. రాత జవాబులో, ఎగవేత మీద మీరు ఏ చర్య తీసుకున్నారో, ధరావతు ఎంత కోశారో, అది ఎప్పుడు మా ఖాతాకు చేరుతుందో ఉండాలి.

ఈ మార్పుల్లో వేటిని ఏ తేదీ నుంచి అమలు చేస్తారో, వేటిని చేయలేరో, చేయలేకపోతే కారణమేమిటో మీ వేదికల మీద ప్రకటించండి. ఇప్పటికే నడుస్తున్న పాటలకు పాత నిబంధనలే ఉండనివ్వండి, మధ్యలో మార్చడం పాడినవారికి అన్యాయమవుతుంది. కొత్త నియమావళిని ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ పెట్టండి. దానిలో ధరావతు, గడువు, ఎగవేతకు సంబంధించిన భాగం పాడే మీట పక్కనే, చదవగలిగిన అక్షరాల్లో ఉండాలి.

ఇట్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చిన్న డొమైన్ అమ్మకందారులలో ఒకడు